మూసి ఉంచిన చెవి

గుసగుసకు ఒక లక్షణం ఉంది. మామూలు మాటలో స్వరతంత్రులు కంపిస్తాయి. మాటకు బరువు ఆ కంపనం వల్లనే వస్తుంది. గుసగుసలో అవి కంపించవు. నోటిలోని ఇరుకుల గుండా ఊపిరి రాసుకుంటూ పోయే సన్నని చప్పుడు ఒక్కటే మిగులుతుంది. సుత్తి మోతలో ఏళ్లతరబడి పనిచేసిన మనిషి చెవి మొట్టమొదట పోగొట్టుకునేది సరిగ్గా ఆ సన్నని చప్పుళ్లనే. ఈ రెండు సంగతులూ నాకు వృత్తిరీత్యా విడివిడిగా తెలుసు. రెండూ ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చోగలవని మాత్రం మా అక్క గొంతు పోయిన తర్వాతే తెలుసుకున్నాను.

మా బావ, అంటే అక్క భర్త, ఆటోనగర్‌లో ఇనుము కాల్చి సుత్తితో సాగగొట్టే ఒక చిన్న ఫోర్జింగ్ షాపులో పనిచేసి మానుకున్నాడు. ఓడలకూ మరపడవలకూ కావలసిన కొక్కేలు, గొలుసు లంకెలు ఆ షాపులో కొట్టేవారు. తొంభైలలో నేను కొలత పరికరాలు చూసే ఇన్‌స్ట్రుమెంటేషన్ ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి అక్కడికి వెళ్లాను. పవర్ హామర్, అంటే కరెంటు మీద నడిచే పెద్ద సుత్తి, పడినప్పుడల్లా ఆ దెబ్బ చెవికంటే ముందు పళ్లకు తెలిసింది. పని మానేసిన తర్వాత వాళ్లు పెందుర్తిలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. పిల్లలు లేరు. పెరట్లో కరివేపాకు చెట్టు, వెనకాల రైలు పట్టాలు. పెద్ద గొంతుతో మాట్లాడుకుంటూ ఇద్దరూ బాగానే ఉండేవారు. అక్క గొంతు వీధి చివరికి వినబడేది, బావకు సరిపోయేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు అక్క స్వరపేటికలో గడ్డ తేలింది. పెద్దాసుపత్రిలో రేడియేషన్ ఇచ్చారు. గడ్డ కొంత తగ్గింది గాని గొంతు పోయింది. గుసగుస మిగిలింది. అది కూడా ఎక్కువకాలం ఉండకపోవచ్చునని డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు.

ఆ వారం పెందుర్తి వెళ్లేసరికి బావ ఇంటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"మంచినీళ్లడిగిందంట బామ్మర్దీ. నాను ఎల్లి కిటికీ మూసీసాను," అన్నాడు. "ఏటడిగినా తలూపీడం అలవాటైపోనాది. ఇంకెన్నాళ్లు మాటాడతదో తెల్దు. ఒక్క ముక్క ఇనపడ్డం నేదు."

లోపల మంచం మీద అక్క నా వైపు చూసి, పెదవులు కదిపింది. వంగితే గాని వినబడలేదు. "కిటికీ మూసీసి, సల్లగా ఉందా అని నన్నే అడిగాడు."

బావ దగ్గర ఒక వినికిడి యంత్రం ఉండేది. ఏదో శిబిరంలో, ఏ చెవికి కావాలని అడిగితే కుడిచెవి అని చెప్పి తెచ్చుకున్నది. పెట్టుకుంటే కూత వేసేదట, పెట్టెలో పడేశాడు. ఆ కూతకు కారణం నాకు తెలుసు. చెవిలోకి పంపిన ధ్వని అంచుల వెంట బయటికి కారి, మళ్లీ మైకులో పడి, మళ్లీ పెరుగుతూ తిరుగుతుంది. మైకును దూరంగా పెట్టి, చెవిలో పెట్టేదాన్ని గాలి చొరనంత బిగువుగా అమర్చగలిగితే కూత ఉండదు. అప్పటికే పాటలు వినే చిన్న యంత్రాలతో పాటు చెవిలోకి దూరే ఇయర్‌ఫోన్లు వస్తున్నాయి. డాబాగార్డెన్స్‌లో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లలో ఒక జత, మైకు, విడిభాగాలు కొని, సబ్బుపెట్టెలో పట్టేంత ఆంప్లిఫయర్ ఒకటి కట్టాను. మైకు అక్క జాకెట్టు అంచుకు. తీగ చివర ఇయర్‌ఫోన్ బావ చెవికి. సర్క్యూటు ఒక్క ఆదివారంలో అయిపోయింది. చెవిలో అమరడం దగ్గర పని ఆగిపోయింది.

ఇయర్‌ఫోన్‌తో వచ్చిన రబ్బరు టోపీలు గుండ్రటివి. మనిషి చెవి నాళం గుండ్రంగా ఉండదు. కోడిగుడ్డులా నొక్కుకుని, లోపల రెండు మలుపులు తిరిగి ఉంటుంది. వయసు మీరిన చెవిలో గోడలు వదులవుతాయి. దానికి తోడు దవడ కదిలినప్పుడల్లా నాళం ఆకారం మారుతుంది. బావ నోట్లో ఎప్పుడూ వక్క. నమిలినప్పుడల్లా అంచు వదిలేది, కూత మొదలయ్యేది. ఆ కూత బావకు వినబడేది కాదు. అక్కకు వినబడేది. ఆమె చెవులు మూసుకునేది. అది చూసి ఆయన నేరం చేసినవాడిలా ఇయర్‌ఫోన్ లాగేసుకునేవాడు.

రబ్బరు లాభం లేదని, మోత చెవికి తగలకుండా పెట్టుకోమని మా పనిలో ఇచ్చే పసుపురంగు స్పాంజి బిరడాలు తెచ్చాను. వాటిని వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి చెవిలో పెడితే, మెల్లగా ఉబ్బి నాళం ఆకారాన్ని తామే పట్టుకుంటాయి. బిరడా నడుమ వేడిచేసిన సన్నని ఇత్తడి గొట్టంతో రంధ్రం చేశాను. రంధ్రం కూరుకుపోకుండా లోపల బాల్‌పెన్ రీఫిల్ ముక్క దూర్చి, దాన్ని ఇయర్‌ఫోన్ మూతికి తొడిగాను. రంధ్రం అరమిల్లీమీటరు పక్కకు జరిగితే ఒక వైపు గోడ పలచబడి అక్కడే కారేది. చాలా పాడుచేశాను.

"ఏటి బామ్మర్దీ, నా సెవిలో ఏటి కట్టేత్తన్నావ్? డ్యామేటి?" అనేవాడు బావ.

చివరికి కుడిచెవిలో కారడం ఆగింది. కూత ఆగింది. అక్క మాట్లాడింది. బావ కళ్లు చిట్లించి విన్నాడు.

"గాలి కొడతన్నట్టుంది. మాట నేదు."

శబ్దం పెంచాను. గాలి పెరిగింది; మాట రాలేదు. మళ్లీ వారం, ఆ పై వారం అదే తంతు. ఈలోగా అక్క ఒక వాక్యాన్ని రెండు ఊపిర్లలో చెప్పడం మొదలుపెట్టింది.

పరీక్షించేటప్పుడు ఒకసారికి ఒక్కదాన్నే మార్చాలన్నది మా పనిలో మొదటి పాఠం. లోపం బిరడాలో ఉందో చెవిలో ఉందో తేల్చుకోవడానికి, అదే బిరడాను, అదే శబ్దంలో, ఎడమచెవిలో పెట్టి చూద్దామన్నాను.

"ఎడం సెవి దండగ," అన్నాడు బావ. "షాపులో ఉన్నన్నాళ్లూ అది మూసే ఉంచాను. మూసిన సెవి తుప్పట్టిపోద్ది."

ఆ షాపులో అందరూ నమ్మిన మాట అది. హామర్ వాళ్లకు ఎడమవైపు ఉండేది. తలపై తిరిగే క్రేను గంట కుడివైపు నుంచి వచ్చేది. అందుకని బనీను గుడ్డ పేలికను గ్రీజులో తడిపి ఎడమచెవిలో బొటనవేలితో కూరుకునేవారు. కుడిచెవిని గంట కోసం తెరిచి ఉంచేవారు. గంట వినకపోతే తల మీదికి ఇనుము వస్తుంది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. తెరిచి ఉంచిన చెవి పనిచేసే చెవి అని, మూసి ఉంచినది వాడని కాలులా చచ్చుబడుతుందని వాళ్ల లెక్క. అందుకే బావ పెళ్లిళ్లలోను, బస్సులోను, ఇంట్లోను ఎవరు పలకరించినా కుడిచెవి తిప్పేవాడు. అక్క మంచానికి ఏ పక్క కుర్చీ వేసుకోవాలన్నది కూడా ఆ చెవిని బట్టే నిర్ణయమైంది.

ఎడమచెవిలో బిరడా పెట్టి, అది ఉబ్బేవరకు వేలితో పట్టుకుని ఉన్నాను. అక్క నా వైపు తిరిగి, బావను వెక్కిరిస్తూ నాతో అన్నది:

"మీ బావ సెవిలోకి స్పాంజీ దూరింది గానీ... మాట దూరనేదు."

"దూరింది," అన్నాడు బావ.

నేను వేలు తీయలేదు. అక్క కాసేపు ఆయన ముఖం చూసింది.

"ఏటి దూరింది?"

"నువ్వన్నదే. మాట దూరనేదన్నావు. దూరింది."

గ్రీజు పూసిన ఆ పేలిక మోటుదే గాని గాలి చొరనిచ్చేది కాదు. నేను అన్ని వారాలు తంటాలు పడి చేసిన పనిని బావ ప్రతి ఉదయం బొటనవేలితో చేసుకున్నాడు. సుత్తి దెబ్బలన్నీ తెరిచి ఉన్న చెవి తిన్నది. మూసిన చెవి వయసుతో కొంత మందగించినా, కాస్త పెంచి వినిపిస్తే సన్నని చప్పుళ్లను ఇంకా పట్టుకోగలుగుతోంది. దాన్ని ఎవరూ అడగలేదు.

అక్క గొప్ప మాటలేవీ చెప్పలేదు. పేరుకుపోయిన పని తెమిల్చుకుంటున్నట్టు ఒకదాని వెంట ఒకటి అడిగింది. "గేసు కట్టీసావా?" "కట్టీసాను." "పక్కింటోల్ల గిన్నె?" "ఇచ్చీసాను." "అబద్దం. అల్మారాలో ఉంది." బావ నవ్వాడు. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకుని, ఇయర్‌ఫోన్ ఊడకుండా తీగ ఒక చేత్తో పట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే కుర్చీ మంచానికి రెండో పక్కకు మారింది. అక్కడున్న కుట్టుమిషను వరండాలోకి వెళ్లింది.

బిరడాను నలపడం బావకు చేతకాలేదు. పట్టకారు పట్టిన వేళ్లు మొద్దుబారిపోయాయి. ఆయన నలిపితే స్పాంజి మడతపడి, ఆ మడత వెంట కారేది. అక్క అందుకుంది. దేవుడి దీపానికి పత్తి వత్తులు చేసిన వేళ్లు ఆమెవి. అరచేతిలో ఒక్కసారి దొర్లించి, మడతలేకుండా, అగ్గిపుల్లంత సన్నగా చేసేది. రెండో చేత్తో ఆయన చెవి పైకీ వెనక్కీ లాగి పెట్టి, ఉబ్బేవరకు అదిమి ఉంచేది. నేను ఒకసారి చూపించాను. రెండోసారి చూపించవలసిన అవసరం రాలేదు. పొద్దున్నే ఆయన తల ఆమె చేతికందేలా వంచి కూర్చోవడం ఆ ఇంటి దినచర్య అయింది. వక్క మానేశాడు.

"ఇప్పుడు తిట్లు కూడా సక్కగా ఇనబడతన్నాయి," అని నాతో అనేవాడు.

ఆ వానాకాలం అలా గడిచింది. చలి మొదలయ్యేసరికి గుసగుస సగం సగం వచ్చేది. నేను మైకును పెదవులకు దగ్గరగా జరిపాను, శబ్దం పెంచాను. శబ్దం పెరిగేకొద్దీ అంతకంతకు బిగువు కావాలి; వారానికో కొత్త బిరడా చేసి పట్టుకెళ్లేవాణ్ణి. ఒకనాడు ఆమె అరచేతిలో స్పాంజి దొర్లలేదు. నా వైపు చాపింది. నేను నలిపి పెట్టాను.

"బిగువుగానే ఉంది," అన్నాడు బావ. బిరడా అంచు వేలితో తడుముకుని, "మీ అక్కది కుదురుగా ఉండీది," అన్నాడు.

ఆ తర్వాత మాటలు లేవు. అయినా ఆయన ఇయర్‌ఫోన్ తియ్యలేదు. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి కళ్లు మూసుకుని వింటున్నాడు.

"ఏమంటోంది బావా?" అని భుజం తట్టి అడిగాను. కుడివైపు నుంచి అడిగాను కాబట్టి ఆయన కళ్లు తెరిచి నా పెదవులు చూసి గాని గ్రహించలేదు.

"ఏటీ అన్నేదు. ఊపిరి తీత్తంది," అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు మంచం కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నారు. నేను ఆమె మణికట్టు పట్టుకుని ఉన్నాను. వెనకాల గూడ్సు బండి ఒకటి పోయింది. అది పూర్తిగా వెళ్లాక కూడా మాలో ఎవరికీ ఏ తేడా తెలియలేదు. బావ కళ్లు తెరిచి, చెవి పైకీ వెనక్కీ లాగి, ఆమె తీసే పద్ధతిలోనే బిరడాను మెల్లగా తిప్పి తీసి, ఆమె దిండు మీద పెట్టాడు. అప్పుడు నేను ఆమె ముఖం చూశాను. ఆ గదిలో చెవిటివాడు ఆయనొక్కడే. అందరికంటే ముందు విన్నదీ ఆయనే.

పెద్దకార్యం నాడు వాకిట్లో షామియానా వేశారు. వచ్చిన చుట్టాలు పాత అలవాటు కొద్దీ ఆయన కుడిచెవి దగ్గర నోరు పెట్టి అరిచి ఓదార్చారు. ఆయన తలూపాడు. షాపులో బావతో పనిచేసిన ఒకాయన కూడా వచ్చి, తన కుడిచెవి తిప్పి ఆయన కుడిచెవికి ఎదురుగా కూర్చున్నాడు.

భోజనాలయ్యాక నేను ఎడమవైపుకు వెళ్లి కూర్చున్నాను. ఆ చెవి దగ్గర మామూలు గొంతుతో చెబితే చాలునని నాకు తెలుసు. మధురవాడలో మా ఫ్లాటుకు వచ్చి కొన్నాళ్లుండమని చెప్పాలనుకున్నాను. "బావా" అన్నాను. ఆయన విన్నాడు, చెయ్యెత్తి నన్ను ఆపాడు. తర్వాత కుర్చీని పూర్తిగా తిప్పి, అక్క మాట విన్న చెవిని అవతలికి మళ్లించి, కుడిచెవిని నా ముఖానికి దగ్గరగా తెచ్చి, చెప్పమన్నట్టు చూశాడు.

నేను కూడా అందరిలాగే గట్టిగా అరిచి చెప్పాను.