బూరుగు పలక

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకని మీకు చెప్పడం తేలికనుకున్నాను. తేలిక కాదు. పొద్దుటినుంచి కూర్చుని ఉన్నాను, మధ్యలో లేచి వెళ్లి చెయ్యాల్సిన పనీ చెయ్యక్కర్లేని పనీ చేసి వచ్చాను. ఇన్నేళ్లు మోశాక అది బరువని కూడా తెలియకుండా పోయింది. దించుదామని చూస్తే ఇప్పుడు భుజం లాగుతోంది.

ఎనభైల మొదట్లో చిత్తూరులో ఒక తుపాకుల అంగట్లో పనిచేసేవాణ్ణి. లైసెన్సు ఉన్న అంగడే. పలమనేరు వైపు అడవి అంచు పల్లెల్లో పంట కాపలాకి తుపాకులు పెట్టుకున్న రైతులు మా దగ్గరికి వచ్చేవాళ్లు. తుపాకులు బాగుచేసేవాళ్లం. కాల్చేసిన తూటాల గొట్టాలు తెస్తే మళ్లీ మందూ గుండ్లూ నింపి ఇచ్చేవాళ్లం. నింపేది నేను. నా చేతి తూటా వమ్ముకాదని పేరు. "ఆయప్ప చేతనే నింపించు సామీ" అని మా ఓనరుకు చెప్పి మరీ పోయేవాళ్లు. నేను విననట్టు తల వంచుకుని పని చేసుకునేవాణ్ణి. అన్నీ వినేవాణ్ణి. ఆ పేరంటే నాకు ప్రాణం. జరిగినదంతా ఆ పేరు కోసమే జరిగింది.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. ఒక సాయంత్రం సినిమా మొదటి ఆటకు పోవాలన్న తొందరలో మందు డబ్బా మూత సరిగ్గా బిగించలేదు. కప్పు కారి నీళ్లు అందులోకి పోయాయి. మర్నాడు చూస్తే మందు ఉండలు కట్టి ఉంది. బుద్ధున్నవాడైతే పారబోసి, ఓనరుతో చెప్పి, నాలుగు తిట్లు తిని ఊరుకుంటాడు. నేను చెప్పలేదు. ముసురు విడిచాక, ఆయన ఊళ్లో లేని రోజు చూసి మిద్దె మీద ఎండబెట్టాను. ఆరింది. నల్లగా, పొడిపొడిగా, మునుపటిలాగే కనిపించింది. తడిసిన మందులో సూరేకారపు ఉప్పు విడిపోతుందనీ, ఆరినా సత్తువ తిరిగి రాదనీ నాకు తెలుసు. తెలిసే నింపాను. కొంచెం తగ్గుతుందేమో, అంతేకదా అనుకున్నాను. నిజంగా అట్లా అనుకున్నానా, లేక అనుకున్నానని తర్వాత చెప్పుకున్నానా? ఇప్పుడు తేల్చుకోలేను.

ఆ తూటాలు తీసుకుపోయినవాళ్లలో మునెప్ప ఒకడు. పలమనేరు దగ్గర పల్లె, అడవిని ఆనుకుని గెణుసుగడ్డల చేను, చిలగడదుంపలంటారే అవి. అడవిపందులకు గెణుసుగడ్డలంటే పండగ. మునెప్ప గురికి చుట్టుపక్కల పేరుండేది. ముసలాయన, మాట మెత్తన. కొన్నాళ్లకు మిగిలిన తూటాలు తుండుగుడ్డలో మూటకట్టుకుని అంగడికి వచ్చాడు. చప్పుడు మెత్తగా వస్తోందని, ఎప్పుడూ పడిపోయే దూరంలోనే పంది గుండ్లు దులుపుకుని పోయిందని చెప్పాడు. తప్పు పట్టడానికి వచ్చినవాడిలా లేడు. సందేహం తీర్చుకోవడానికి వచ్చినట్టున్నాడు.

ఇలాంటి సందేహాలకు మా అంగట్లో ఒక పద్ధతి ఉండేది. ఊరి బయట పాడుబడ్డ రాతిగుంత ఒకటి ఉంది. గుండ్ల బెజ్జాలు బాగా కనబడేలా మామిడి పలకకి సున్నం కొట్టి ఆ గుంతలో నిలబెడతాం. రైతే తన తుపాకితో, అనుమానం ఉన్న తూటాతో దాన్ని కాలుస్తాడు. గుండ్లు చెక్కలోకి లోతుగా దిగితే తూటా మంచిది, పైపైన నిలిచిపోతే చెడ్డది. పలక చెప్పిందే తీర్పు. మా ఓనరు మీసం దువ్వుకుంటూ, "కొట్టి సూపించప్పా, వాదన దేనికి" అన్నాడు. ఆయనకేం తెలుసు పాపం.

పలక తేవడానికి పెరట్లోకి పోయాను. మామిడి పలక గోడకు ఆనించి ఉంది. దాని పక్కనే, ఏదో సరుకు వచ్చిన పెట్టెను ఊడదీసిన బూరుగు పలక. బూరుగు ఎంత మెత్తనో మీకు తెలిసే ఉంటుంది, గోరు గుచ్చినా దిగుతుంది. నేను పెద్దగా ఆలోచించిన గుర్తు లేదు. సున్నం బక్కెట్లో కుంచె ముంచి బూరుగు పలకకే పూశాను. సున్నం కిందికి పోయాక ఏ చెక్కయినా ఒకటే.

బయటికి తెస్తే మునెప్ప సాయం పట్టబోయాడు. ఎత్తితే తేలిపోతుంది, సేద్యగాడికి చెక్క బరువు చెప్పాలా? "మీరు తుపాకి పట్టుకోండి పెద్దాయనా, పలక నేను మోస్తా" అని లాక్కున్నాను. మర్యాద అనుకున్నాడు. రాతిగుంత దాకా దాన్ని భుజం మార్చుకుంటూ, ఆగి ఊపిరి పీల్చుకుంటూ మోశాను. దారి పొడుగునా ఒక అబద్ధం మోయడమంటే అదే.

మునెప్ప కాల్చాడు. గుండ్లన్నీ లోపలికంటా దిగిపోయాయి. దగ్గరికి వెళ్లి ఒక బెజ్జంలో చిటికెనవేలు పెట్టి చూశాడు. చప్పుడు మాత్రం మెత్తగానే వినపడిందన్నాడు, మళ్లీ తనే, చెవి కూడా పోయినట్టుందిలే అని నవ్వాడు. తర్వాత ఒక కన్ను మూసి, మరో కన్ను మూసి కొండకేసి చూసుకున్నాడు. తుపాకి ఇక కొడుక్కి ఇచ్చేస్తానన్నాడు. మిగిలిన తూటాలు మళ్లీ జాగ్రత్తగా మూటకట్టుకున్నాడు. ఆ మూట తీసుకుని వేరే తూటాలు ఇచ్చి ఉండవచ్చు. ఇస్తే పాతవి చెడ్డవని ఒప్పుకున్నట్టే. ఇవ్వలేదు.

కొడుకు పేరు గోవిందు. కొత్తగా పెళ్లయినవాడు. కొన్ని వారాల తర్వాత ఒక తెల్లవారుజామున చేనులో పందికి ఎదురుపడి కాల్చాడు. పంది ఆగలేదు. మీదికొచ్చి తొడ చీల్చేసింది. ప్రాణం దక్కింది, కాలు కర్రలా బిగిసిపోయింది, మోకాలు మళ్లీ వంగలేదు. ఆ ఊరి రైతొకడు అంగట్లో కూర్చుని ఇదంతా చెబుతుంటే నేను తూటాలు నింపుతున్నాను. చెయ్యి ఆగలేదు. చేతిలో ఉన్నది పూర్తి చేసి ఇంకొకటి తీసుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాను. మజ్జిగ పోసుకుని మరీ తిన్నాను. ఏమీ అనిపించలేదు. ఏమన్నా అనిపిస్తుందేమోనని ఎదురుచూశాను కూడా.

తర్వాత మునెప్ప వచ్చాడు. ఓనరు లేడు. బల్ల మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"పందిని ఊరోళ్లు బల్లేలతో పొడిసి సంపినారప్పా. కోసి సూస్తే మా గుండ్లు కొవ్వు దాటి పోలేదు" అన్నాడు. "గోవిందేమో, బాగా దగ్గరికొచ్చేదాకా ఆగే పేల్చినా నాయనా అంటాండాడు. దగ్గర్నించి పేలిస్తే కొవ్వులో నిలిసిపోతాయా? దూరం నించి పేల్చింటేనే గదా అట్లుండేది. రెంట్లో ఒకటి అబద్ధం. వాని మాటన్నా అబద్ధం, నీ మందన్నా అబద్ధం."

నేను ఖాళీ గొట్టాలు వరసగా పేర్చాను.

"పలక సూసినా. అయినా మనసు నిలవలా. ఒగ మాట అడగతా, కోప్పడాకు. కాణిపాకానికొచ్చి, తానం సేసి, సామి ముందర ఆ మందు మంచిదేనని ప్రమాణం సేస్తావా?"

"సేస్తా పెద్దాయనా. ఇప్పుడే పోదాం పాండి" అన్నాను. అంటూనే చెప్పులు వేసుకున్నాను.

ఆయన నా చెప్పులకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"వొద్దులేప్పా. వస్తానన్నోనికి ప్రమాణం దేనికి? తప్పు సేసినోడైతే అడగతానే ఇంత బిన్నా లేస్తాడా?" అన్నాడు. గడప దాటాక, నాతో కాదు, తనలో తను అన్నట్టు అన్నాడు: "వాడే బయపడి దూరం నించి పేల్చినాడు. అది సెప్పుకోలేక నాకాడ అబద్ధమాడినాడు."

మా వైపు సంగతి తెలియనివారికి చెప్పాలి. కాణిపాకం వినాయకుడంటే ప్రమాణాల దేవుడు. తప్పు చేసినవాడు అక్కడికి రానే రాడు, ఏదో ఒక సాకు చెప్పి జారుకుంటాడు. అందుకే చాలా తగవులు గుడిదాకా పోవు, పోదామనేసరికే తేలిపోతాయి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, వెనకాడినవాడు దొరికిపోతాడు. నేను తడుముకోలేదు. లేచి నిలబడితే ఆయన వద్దంటాడని నాకు ముందే తెలుసా? ఈ ప్రశ్న చాలా ఏళ్లు పక్కకు తోశాను. తెలుసు. ఆ మనిషి మంచితనం ఎంతో అంచనా వేసుకునే చెప్పులు వేసుకున్నాను. బూరుగు పలక భయంలో చేసిన పని అని ఎవరన్నా సర్ది చెప్పవచ్చు. దీనికి సర్ది చెప్పే మాట లేదు.

ఆ తర్వాత ఆ మందు అయిపోయింది, కొత్త డబ్బా వచ్చింది, నా పేరు నాకు ఉండిపోయింది. చిత్తూరునుంచి కాణిపాకం ఎంత దూరం? ఇంటిల్లిపాదీ పోతారు, నేను తలనొప్పి అంటాను. తిరుపతి బస్సులో ఆ దారి మళ్లే చోటు రాగానే కళ్లు మూసుకుంటాను. పక్కవాళ్లు భక్తి అనుకుంటారు.

మునెప్ప ఆ తర్వాత రెండో ఏడో, మూడో ఏడో పోయాడు. కొడుకు పిరికివాడనీ, అబద్ధాలకోరనీ నమ్మే పోయాడు. చివరి రోజుల్లో కూడా తండ్రీకొడుకులకు సరైన మాటల్లేవని విన్నాను.

ఒకసారి పలమనేరు సంతలో గోవిందును చూశాను. కాలు చాచిపెట్టి గెణుసుగడ్డలు అమ్ముతున్నాడు. ఎవరో అటుపోతూ, "ఏం, దూరం గోవిందూ, బేరం ఎట్లుండాది?" అని పలకరించారు. ఊళ్లో అతనికి అదే పేరు పడిపోయిందట. అతను నవ్వి జవాబు చెప్పాడు. పేరుకు అలవాటుపడ్డవాడి నవ్వు. నేనెవరో అతనికి తెలియదు. గడ్డలు కొన్నాను. మంచివి ఏరి వేశాడు. సంచి పట్టుకుని బస్టాండు దాకా నడిచాను, వెనక్కి తిరిగి రెండు అడుగులు వేశాను కూడా, బస్సు కదులుతుంటే ఎక్కేశాను. ఇంట్లో వాటిని ఉడకేశారు. తియ్యగా ఉన్నాయన్నారు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. అడగాల్సిన ఒకాయన పోయాడు, ఇంకొకతను ఉన్నాడో లేడో కనుక్కునే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. మరి ఇదంతా దేనికి? ఒక్క మాటన్నా ఎక్కడో ఒకచోట సరిగ్గా చెప్పి ఉంచాలనిపించింది. రాస్తుంటే చెయ్యి మాటమాటకూ ఆగుతోంది. ఆ రోజు అంగట్లో ఆగని చెయ్యే ఇది. ఆగడం బాగానే ఉంది.

మునెప్పా, నీ కన్ను మందగించలేదు, చెవీ పోలేదు. మందు తడిసింది. పలక బూరుగుది. నీ కొడుకు పంది దగ్గరికి వచ్చేదాకా ఆగాడు.