జూక్ క్లాసులో నా అసూయ

మీ భార్య పరాయి మగాడి చేతుల్లో హాయిగా నవ్వుతుంటే, మీ సంస్కరణవాదం ఎన్ని నిమిషాలు నిలుస్తుంది?

నాది ఒక్క పాట కూడా నిలవలేదు. బరంపురంలో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, మా ఆవిడ సరళ ముచ్చటపడిందని, జూక్ అనే బ్రెజిల్ జంట నృత్యం నేర్పే క్లాసుకు వెళ్లాం. అక్కడ పాట మారగానే జోడీ మారాలి, మొగుడూ పెళ్లాలైనా సరే. నాతో ఆడినంతసేపూ మెడ బిగబట్టిన సరళ, కొత్తాయన చేతిమీద కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చేసింది. "ఇక చాలు, వెళ్దాం" అని పిలవబోయాను.

నా జోడీగా వచ్చిన, పక్క ఊరు గిరిసోల బడి టీచరమ్మ నా చెయ్యి వదల్లేదు.

"ఏటి బాబూ, సూపంతా అటే ఉంది? ఆయన మా ఆయనే. కొరికీడు లెండి."

"మీకు బాధగా లేదా?"

"బాదెందుకు? ఆయన సెయ్యి సాపి, ఆవిడొచ్చీదాకా ఆగుతన్నాడు. మీరు గుంజేత్తన్నారు. నా బుజమే సెప్తంది."

స్త్రీ స్వేచ్ఛ మీద నా ఉపన్యాసాలన్నీ ఆ భుజం దగ్గర ఓడిపోయాయి. సరళను పిలవలేదు. అసూయతో ఉడుకుతూనే అడుగులు వేశాను.

వేదికలెక్కే మిత్రులారా, మీరు ఎక్కడ గుంజుతున్నారో ఇవాళే మీ ఇంట్లో ఆమెను అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మెదపకండి.