ఆకు పసరు మీద వేసిన నింద

పదిహేనేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను మత్తు డాక్టర్ని. అప్పట్లో బెంగళూరులో ఒక చిన్న నర్సింగ్ హోంలో పనిచేసేవాణ్ణి. నగర్తపేటలో జరీ అంగడి వెంకటమ్మ తన కోడలు లక్ష్మిని తీసుకొచ్చింది. విరిగిన చేతికి వేసిన ప్లేటు జరిగి, నెల తిరక్కుండానే రెండో ఆపరేషన్.

"మొన్న మత్తిచ్చినాక పిల్లకి జరమొచ్చి కండ్లు పచ్చబడినాయి డాక్టరప్పా. ఆ మందు పడలేదేమో. మళ్లా అదే ఇస్తారా?"

"మత్తుకీ కామెర్లకీ ఏం సంబంధమమ్మా? ఇంట్లో ఏం తాగించారు?"

"నేల ఉసిరాకు పసరు, మజ్జిగలో. మూడు పొద్దులే. దాచేదేముండాది?"

ఎంత సూటిగా చూసింది ఆవిడ! మొదటిసారి ఇచ్చింది హాలోథేన్ అనే మత్తు వాయువు; దాన్ని రెండోసారి పీలిస్తే కొందరికి లివర్ పాడవుతుందని నేను పుస్తకాల్లో చదివాను. బడి మొహం చూడని మనిషి కోడలి కళ్లలోకి చూసి పట్టేసింది. చెయ్యి వరకే మొద్దుబారేలా సూది వేసినా సరిపోయేది. దానికి ఇంకో అరగంట పడుతుంది. ఆ అరగంట నాకెందుకు బరువైంది? సర్జన్ విసుక్కుంటాడని. ఛీ, అంతే కారణం. హాలోథేనే ఇచ్చాను.

నాలుగో రోజుకు లక్ష్మి పసుపు ముద్దయింది, మనుషుల్ని గుర్తుపట్టలేదు. ఏమైందని బంధువులు నిలదీస్తే నా నోట్లోంచి వచ్చింది: "ఆకు పసరు తాగించారట." అందరూ వెంకటమ్మ వైపు తిరిగారు. నేను అడిగితే నిజం చెప్పినందుకు ఆ నిజంతోనే ఆమెను కొట్టాను.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తను అడిగిన ప్రశ్న మరిచిపోయిందా, డాక్టరు అబద్ధమాడడనుకుందా? లక్ష్మిని పెద్దాసుపత్రికి మారిస్తే, అక్కడ ఇరవై రోజులు బెంచీ దిగలేదు. కొడుకు మొహం తిప్పుకున్నా, చెమ్చాతో గంజి పోస్తూ కోడల్ని ఈ లోకంలోకి లాక్కొచ్చింది. లక్ష్మి బతికింది. వెంకటమ్మలాంటి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

పోయిన నెల ఒక పెళ్లిలో లక్ష్మి కనిపించి, అత్తగారి గురించి నవ్వుతూ చెప్పింది. ఈనాటికీ తన చేత్తో ఇచ్చేది మంచినీళ్లయినా సరే, ముందు తను ఒక గుక్క తాగి, కాసేపు ఆగి, అప్పుడే కోడలికిస్తుందట.

నాకు నవ్వు రాలేదు. అన్నం సహించలేదు.

పసరు కాదమ్మా. నేనిచ్చిన మత్తు. మీరు ముందే చెప్పారు, నేను వినలేదు.

ఇక్కడ రాయగలిగాను. గుండె కొంచెం తేలికపడింది. ఆమె మాత్రం ఇవాళ కూడా ఆ గ్లాసు ముందు తన నోటికే ఎత్తుకుని ఉంటుంది.