కచేరీకి ముహూర్తం ఏముంది

పర్చూరులో మా ఇంటికి ఎదురిల్లు మరియదాసుది. పెళ్ళిళ్ళకు బ్యాండు మేళం నడుపుతాడు. క్లారినెట్టు అతనిది, ట్రంపెట్టు అతని బావమరిది ప్రకాష్‌ది, డ్రమ్ము నాగూర్ వలిది. ఇప్పుడు అందరూ ఫోన్లలో చూస్తున్న పియానో అమ్మాయి ఫెబా ఆ మరియదాసు కూతురే. ఆ పిల్ల గురించి పేపర్లో రాసిన వాళ్ళంతా తాడేపల్లి హోటల్ దగ్గర మొదలుపెట్టారు. నేను ఎదురింటిదాన్ని కాబట్టి అంతకు ముందు నుంచి రాస్తాను.

ఫెబాకు చేతులు ఊరికే ఉండేవి కావు. వాళ్ళమ్మ రెబ్కా మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే ఈ పిల్ల పక్కన కూర్చుని, తీయమన్న కాయలు తీయకుండా చాట అంచు మీద వేళ్ళు ఆడించేది. చర్చిలో కీబోర్డు వాయించే అతను పెళ్ళి చేసుకుని చీరాల వెళ్ళిపోయాక ఆ పని ఫెబాకు వచ్చింది. ఆదివారం ఆరాధనలో అందరం ఒక పాట పాడుతుంటే కీబోర్డు మాత్రం ఆ పాట చుట్టూ తిరిగి ఎక్కడో వచ్చి కలిసేది. సంఘ పెద్దలు పిలిచి, "పాట తిన్నగా వాయించమ్మా, వంకర్లు పోకు" అన్నారు. సరేనంది. మరుసటి ఆదివారం మళ్ళీ అదే.

డిగ్రీకి గుంటూరు వెళ్ళింది. అక్కడ క్రిస్టీనా అనే టీచరుగారింట్లో పాత పియానో ఉంది. శనివారం శనివారం అక్కడికి పోయి నేర్చుకుంది. సెలవులకు వచ్చినప్పుడు జాజ్, జాజ్ అంటుంటే వినీ వినీ ఉండబట్టలేక అడిగాను.

"జాజ్ అంటే ఏంటే?"

"ఊరేగింపులో నాన్న వాయిస్తాడు చూడు మామ్మా. పాట మొదలుపెట్టి, మధ్యలో దాన్ని వదిలేసి ఎటో పోతాడు. పెళ్ళికొడుకు కారు కదిలేసరికి మళ్ళీ పాటలోకి వస్తాడు. అదే జాజ్."

"అది మీ నాన్న తాగినప్పుడు వాయించేది కదే."

"తాగనప్పుడు ఇంకా బాగా వాయిస్తాడు. మీరెవరూ వినలేదు."

ఆ మాట నిజమే. బ్యాండు మేళాన్ని ఎవరు వింటారు? వాళ్ళు ముందు నడుస్తుంటే మనం వెనక నగలు చూసుకుంటూ నడుస్తాం. వాళ్ళు వాయిస్తుంటే మనం తింటాం. ఆఖరి పంక్తి లేచాక వాళ్ళకు విస్తరి వేస్తారు. పెదాలు వాచిపోయి మరియదాసు పెరుగన్నం మాత్రమే తినగలిగిన రాత్రులు రెబ్కాకు తెలుసు. ఫెబాకు చిన్నప్పటి నుంచీ ఒకటే కోరిక. ఆ మాట నాతో చాలాసార్లు అంది. "నాన్ననీ, మామయ్యనీ, వలి బాబాయినీ స్టేజీ మీద కుర్చీల్లో కూర్చోబెట్టి వాయించాలి మామ్మా. ఎదురుగా జనం కూర్చుని వినాలి. నడవకూడదు, తినకూడదు, ఊరికే వినాలి." పేరు రావాలనీ, టీవీలో కనబడాలనీ ఆ పిల్ల ఎప్పుడూ అనలేదు.

చదువయ్యాక తాడేపల్లిలో కృష్ణ ఒడ్డున ఒక పెద్ద హోటల్లో పని దొరికింది. హాల్లో పియానో ఉంది, సాయంత్రం పూట వాయించాలి. అక్కడా స్పూన్ల చప్పుడే. అంతలో మూఢం వచ్చింది. మూఢంలో పెళ్ళిళ్ళుండవు కదా, బ్యాండు వాళ్ళంతా ఇళ్ళల్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. ఫెబా మేనేజరును బతిమాలి ఒక ఆదివారం వాళ్ళను పిలిపించుకుంది. ముగ్గురూ ఎర్రకోట్లు తొడుక్కుని బస్సెక్కారు. హోటల్ వాళ్ళు ఆ కోట్లు తీసేయమన్నారట.

"తీస్తే లోపల బనీను చిరుగులుంటాయండి, అవి చూపిస్తే మీ గౌరవమే పోతుంది" అన్నాడట ప్రకాష్. అతని నోరు అలాంటిది.

మరియదాసుకు అప్పగింతల పాట ఒకటుంది. అది సినిమాది కాదు, సంకీర్తన కాదు. పెళ్ళికూతురు కారెక్కేటప్పుడు వాయించడానికి వయసులో ఉండగా తనే కట్టుకున్నాడు. ఒకచోట స్వరం పైకి వెళ్ళి, ఏడుపు ఆపుకున్నట్టు కొంచెం ఆగి, జారి కిందికి వస్తుంది. ఆ రోజు హోటల్లో దాన్ని వాయిస్తే, ఫెబా పియానో మీద ఆ పాట కిందికి వెళ్ళి దాన్ని ఎత్తి పట్టుకుంది. ఇరుకు చోటు, నిలబడే వాయించారు. తినే వాళ్ళు మాత్రం చేతులు ఆపారు. ఎవరో ఫోన్లో తీసి పెట్టారు. పది రోజుల్లో మా పేటలో పిల్లల దగ్గర నుంచి చీమకుర్తి గ్రానైటు లారీల డ్రైవర్ల దాకా ఆ వీడియో చూడని వాళ్ళు లేరు.

ఆ మూఢంలోనే విశాఖపట్నం హోటల్ వాళ్ళు పిలిచారు, హైదరాబాదు నుంచి పిలుపొచ్చింది. ఆ తరువాత బెంగుళూరు. అది హోటల్ కాదు, పెద్ద సంగీత సభ. టిక్కెట్టు కొనుక్కుని వచ్చి కూర్చునే జనం. వేరే దేశాల వాళ్ళు కూడా వచ్చి వాయించే చోటు. ఫెబా ఆ రోజు పరుగెత్తుకొచ్చి మా అరుగు మీద కూర్చుని, "కుర్చీలు కూడా ముందే చెప్పాను మామ్మా, చేతులు లేని కుర్చీలు. నాన్న మోచెయ్యి తగలకుండా" అంది.

ఆ తేదీ ఏమిటో ఎవరూ పంచాంగంలో చూడలేదు. మేం క్రైస్తవులం, మాకు పంచాంగంతో పనేమిటి? కానీ మరియదాసు బతుకంతా దానితోనే ముడిపడి ఉంది. మూఢం విడిచాక మొదటి ముహూర్తం అదే రోజు పడింది.

రంగయ్యగారని పక్క ఊరి ఆసామి ఉన్నాడు. పత్తి, మిరప కలిపి చాలా సాగు. మరియదాసు తండ్రి ఆయన చేలో పాలేరు. మరియదాసును ఆయన ఎప్పుడూ "ఏరా" అనే పిలిచేవాడు. కూతురు హేమశ్రీ పెళ్ళి కుదిరింది, కబురు పెట్టాడు. వెళ్ళి వచ్చిన మరియదాసు ముఖం వెలిగిపోతుంటే నేను వదలకుండా అడిగాను.

"రావయ్యా మరియదాసూ, కూర్చో అన్నాడు మామ్మా. వరండాలో కుర్చీ వేయించాడు. కూర్చున్నాక తాంబూలం చేతిలో పెట్టాడు."

"ఏ రోజు పెళ్ళి?"

చెప్పాడు. "ఆ రోజు బెంగుళూరు కదరా?"

"కచేరీకి ముహూర్తం ఏముంది మామ్మా? ఓ రోజు అటో ఇటో జరుపుతారు. పెళ్ళి జరుపుతారా ఎక్కడన్నా?"

వెర్రివాడు కాదు. నలభై ఏళ్ళుగా అతను చూసిన లోకంలో కదలనిది ఒక్క ముహూర్తమే. వాన పడ్డా, చావు వచ్చినా, కరెంటు పోయినా ఆ గడియకు తాళి పడాల్సిందే. మిగతావన్నీ జరుగుతాయి. వినడానికి వచ్చే వాళ్ళదేముంది, రేపు రమ్మంటే రేపు వస్తారు. అందుకే కూతురికి చెప్పాలని కూడా తోచలేదు. రైలు టిక్కెట్లకు ఆధార్ కార్డులు పంపమని ఫెబా ఫోన్ చేసినప్పుడు బయటపడింది. మర్నాడు పొద్దున్నే వచ్చింది. గొంతులు వీధిలోకి వినిపిస్తుంటే నేను వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ప్రకాష్, వలి అప్పటికే లోపల ఉన్నారు.

"తిరిగిచ్చెయ్ నాన్నా."

"తాంబూలం తిరిగిస్తారటే? ఆడపిల్ల పెళ్ళి. అపశకునం అంటారు. ఆ తరువాత చుట్టుపక్కల ఏ గుమ్మం మనల్ని పిలుస్తుంది? ఆ బెంగుళూరు వాళ్ళనే ఒక్కరోజు వెనక్కి జరపమను."

"వాళ్ళు జరపరు. అక్కడ నేనొక్కదాన్నే కాదు, ఎంతోమంది ఉన్నారు."

"అయితే ముందు వాళ్ళను వాయించమను."

ఫెబా తలుపుకు ఆనుకుంది. "పోనీ మామయ్య, బాబాయి నాతో వస్తారు. నువ్వు ఇక్కడ వేరే వాళ్ళతో నడిపించు."

నాగూర్ వలి నేల చూశాడు. "అన్న క్లారినెట్టు పడితే డ్రమ్ము నేనేనమ్మా. ఇంకొకడి చేత కొట్టించి నేను రైలెక్కితే బాగుండదు." ప్రకాష్ కూడా ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు.

ఆ పిల్ల తానే రంగయ్యగారి దగ్గరకు వెళ్ళింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడట. "నువ్వెక్కడికో పోవడం ఎందుకమ్మా, ఆ పియానో ఏదో మా పెళ్ళికే తెచ్చుకో. ఆ వీడియోలో ఉన్న బ్యాండే వస్తుందని మా వియ్యాలవారికి చెప్పేశాను కూడా." వరండాలో కుర్చీ ఎవరి కోసం వేశారో ఫెబాకు అప్పుడు అర్థమైంది. ఇంటికొచ్చి తండ్రితో ఆ మాట చెప్పలేదు. నాతో చెప్పి, నాన్నకు చెప్పొద్దంది. నేనూ చెప్పలేదు. ఇలాంటివి దాచడం నాకు కష్టం, అయినా దాచాను.

బెంగుళూరు వాళ్ళు, మీ వాళ్ళు రాకపోతే ఇక్కడ మంచి వాళ్ళను ఇస్తాం, మీరు మాత్రం రండి అన్నారట. ఫెబా వెళ్ళింది. వెళ్ళకపోతే ఇంకెప్పుడూ పిలవరు. అందులో ఆ పిల్లను తప్పుపట్టిన వాళ్ళు మా పేటలో చాలామంది ఉన్నారు. రెబ్కా కూడా, "తండ్రిని వదిలేసి పోయింది" అంది. అని, రైల్లో తినమని పులిహోర కట్టి ఇచ్చింది.

పెళ్ళికి నేనూ వెళ్ళాను, కూరగాయలు తరగడానికి. మరియదాసు కొత్తగా ఇస్త్రీ చేయించిన కోటుతో వచ్చాడు. రంగయ్యగారు బయటికి వచ్చి ముగ్గురినీ చూసి, వాళ్ళ వెనక చూశాడు.

"అమ్మాయి ఏదిరా?"

"బెంగుళూరు ప్రోగ్రాం ఉందండి బాబుగారూ. మేమున్నాం కదండి."

ఆయన లోపలికి వెళ్ళి ఎవరికో ఫోన్ చేశాడు. గంటకల్లా డీజే వ్యాను వచ్చింది. ఎదుర్కోలుకు గుమ్మం దగ్గర కాసేపు బ్యాండు వాయించారు. ఆ తరువాత పెళ్ళికొడుకు స్నేహితులు స్పీకర్లు పెట్టేశారు. బ్యాండు వాళ్ళను వంటషెడ్డు వైపు కూర్చోమన్నారు. కుర్చీలు మండపానికి చాలలేదు, వాళ్ళు గోనె పట్టా మీద కూర్చున్నారు. అప్పగింతలకన్నా పిలుస్తారని మరియదాసు క్లారినెట్టు పెట్టెలో పెట్టకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పగింతలప్పుడు డీజే వాడు ఏదో ఏడుపు పాట వేశాడు. అందరూ ఏడ్చారు.

"పద బావా, మన పని అయిపోయింది" అన్నాడు ప్రకాష్.

"తాంబూలం పుచ్చుకున్నాం. కారు కదిలేదాకా ఉండాలి" అన్నాడు మరియదాసు. ఉన్నాడు.

ఆ సాయంత్రమే బెంగుళూరులో ఫెబా అప్పగింతల పాట వాయించింది. ఆ వీడియో నాగూర్ వలి మా అరుగు మీద కూర్చుని నాకూ మరియదాసుకూ చూపించాడు. నల్ల చొక్కా వేసుకున్న కుర్రవాడెవరో కుర్చీలో కూర్చుని క్లారినెట్టు వాయిస్తున్నాడు. ఎదురుగా చీకట్లో జనం, దగ్గు కూడా వినబడలేదు. పాటలో ఆగేచోట ఆగాడు, జారేచోట జారాడు. కాకపోతే అతను కొంచెం ఎక్కువ సేపు ఆగి, చివర పైకి ఇంకో మెలిక తిప్పాడు. అయ్యాక జనం లేచి నిలబడ్డారు. మరియదాసు చివరిదాకా చూసి ఫోన్ వలికి ఇచ్చేశాడు.

"ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దగ్గరుండి చెప్పింది వాడికి" అన్నాడు.

అక్కడి నుంచి ఫెబాకు తీరిక లేదు. బొంబాయి, గోవా, ఆ తరువాత విమానం ఎక్కి సింగపూర్. పిలిచే వాళ్ళకు బెంగుళూరు వీడియోలో ఉన్న మనుషులే కావాలి. మొదట్లో ఫోన్ చేసి, "ఈసారి రా నాన్నా" అనేది. ఒకసారి ముహూర్తం అడ్డం, ఒకసారి జ్వరం, ఒకసారి ఏ అడ్డమూ లేదు. "ఆ అబ్బాయి బాగానే వాయిస్తున్నాడుగా, వాడి పొట్ట ఎందుకు కొట్టడం" అన్నాడు. వస్తానంటాడని ఆమె ఎదురుచూసింది, మళ్ళీ అడుగుతుందని అతనూ ఎదురుచూశాడు. ఆమె అడగడం మానేసింది. మొన్న మిరపకోతలప్పుడు ఒక్కరోజు వచ్చింది. తల్లికి చీర, తండ్రికి వాచీ తెచ్చింది. ఇద్దరూ భోజనం దగ్గర కూర్చుని పచ్చడిలో ఉప్పు గురించి మాట్లాడుకున్నారు. నేను వినడానికి కాదుగానీ, మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళాను. అంతకు మించి ఏ మాటా జరగలేదు.

"అడగొచ్చు కదే వాణ్ణి, ఇంకోసారి" అన్నాను బయటికి వచ్చాక.

"అడిగితే వస్తాడు మామ్మా. వస్తే ఆ అబ్బాయిని లేపి ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. నాన్న దానికి ఒప్పుకుంటాడా?" అని కారెక్కింది.

పోయిన వారం మా వీధిలోనుంచే ఒక పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. మరియదాసు మేళమే. మా గుమ్మం ముందు పెళ్ళికొడుకు అన్న ఊరేగింపును ఆపించి, "తాతా, ఫెబా పాట వచ్చా మీకు?" అని అడిగాడు.

"ఏ పాట బాబూ?"

"అదే, బెంగుళూరులో వాయించిందే." ఫోన్లో ఒక ముక్క వినిపించాడు.

ప్రకాష్ ఏదో అనబోయాడు. మరియదాసు చెయ్యి అడ్డం పెట్టి, క్లారినెట్టు పెదాలకు ఆనించి వాయించాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. వయసులో ఉండగా ఎలా కట్టుకున్నాడో అలాగే పాట ఆగి, జారి, దిగింది.

"అలా కాదు తాతా. చివర్లో పైకి తిప్పాలి, చూడు" అని ఆ అబ్బాయి ఫోన్ చెవి దగ్గర పెట్టాడు.

మరియదాసు తల వంచి రెండుసార్లు విన్నాడు. ఆ తరువాత ఆ అబ్బాయి అడిగినట్టే, బెంగుళూరు కుర్రవాడిలాగే, చివర పైకి మెలిక తిప్పి వాయించాడు. నాగూర్ వలి డ్రమ్ము మీద ఒక దెబ్బ తప్పాడు. "ఇప్పుడు కరెక్టుగా వచ్చింది" అన్నాడు ఆ అబ్బాయి. ఊరేగింపు కదిలింది.