మ్యాచ్‌లో వచ్చే నవ్వు

భయమేస్తే కొందరికి చెమటలు పడతాయి, కొందరికి నోరెండిపోతుంది. నాకు నవ్వొస్తుంది. చిన్న నవ్వు కాదు, పొట్ట పట్టుకుని వంగిపోయే నవ్వు. మా ఆయన తాళి కడుతుంటే నవ్వి పురోహితుడి చేత చీవాట్లు తిన్నాను. సేదరపేట్ ఫ్యాక్టరీ ఇంటర్వ్యూలో నవ్వితే, మనిషి హుషారుగా ఉందనుకుని ఉద్యోగమిచ్చారు. అంతవరకు ఆ నవ్వుతో నాకు పెద్ద పేచీ లేదు. అది చెడగొట్టింది నా ఆటనే.

ఆట పెటాంక్. ఫ్రెంచి దొరలు మా ఊళ్ళో వదిలిపోయిన ఆట. చిన్న చెక్కబంతిని దూరంగా విసిరి, దానికి దగ్గరగా ఇనుప బంతులు వేయాలి. ముందుగా పదమూడు పాయింట్లు చేసినవాళ్ళు గెలుస్తారు. మిల్లులో పనిచేసి రిటైరైన మా నాయన, ఒర్లియంపేటలో ఇంటి దగ్గరున్న మైదానంలో నాకు నేర్పించాడు. ప్రాక్టీసులో బొట్టుబిళ్ళ నేలమీద అంటించినా దానిమీదే వేస్తాను. మ్యాచ్ అనేసరికి చెయ్యి నా మాట వినదు. బంతి వేళ్ళకు అతుక్కుపోయి, ఆలస్యంగా వదిలి, పక్కన ఆడుకుంటున్న పెద్దాయన కాళ్ళ దగ్గర పడుతుంది. ఆయన ఎగిరి గంతేస్తాడు. నాకు ఇంకా నవ్వు.

ఈ ఏడాది మా ఊరి మహిళల జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. అది నాకు కావాలి. పెళ్ళయ్యాక నాకోసం నేను అంతగా కోరుకున్నది మరొకటి లేదు. పోటీకి మూలకుళం టీచరమ్మ ఒక్కతే ఉంది. మూడు ఆటలు, రెండు గెలిచినవాళ్ళదే చోటు. వారం ముందునుంచి ఫోనులో చూసి, ఊపిరి పీల్చడం, లెక్కపెట్టి వదలడం సాధన చేశాను. ఆ లెక్కలో పడి రెండుసార్లు పాలు పొంగించాను. రెండుసార్లూ మా ఆయనే పొయ్యి తుడిచాడు.

మొదటి ఆటలో ఆ ఊపిరి లెక్క ఒక్కటీ గుర్తు రాలేదు. టీచరమ్మ గురి చూస్తుండగా నాకు నవ్వు పొంగుకొచ్చింది. అవతలివాళ్ళు వేసేటప్పుడు చప్పుడు చేయకూడదన్నది రూలు. అంపైరు పసుపు కార్డు చూపించాడు.

"ఇంకోతూరి నవ్వితే నీ బంతి ఒకటి పోతాదిమ్మా," అన్నాడు.

చున్నీ కొస నోట్లో కుక్కుకున్నాను. నా వంతు వచ్చినా దాన్ని తీయలేదు. అలా చున్నీ కరుచుకుని బంతులేసిన మనిషికి ఎంత గురి కుదరాలో అంతే కుదిరింది. పదమూడు, సున్నా.

సున్నాతో ఓడినవాళ్ళకు మా మైదానంలో ఒక ఆచారం ఉంది. షెడ్డులో పరదా వెనక ఒక దొరసాని పటం ఉంటుంది. ఆమె మనకు వీపు తిప్పి, పావడా పైకెత్తి నిలబడి ఉంటుంది. గంట కొడతారు, పరదా తీస్తారు, ఓడినవాళ్ళు అందరి ముందూ వంగి, ఆమె కూర్చునే చోట ముద్దు పెట్టాలి. నేను పెట్టాను. జనం ఈలలు వేశారు. కడుపుబ్బ నవ్వాను, నవ్వుతూనే సిగ్గుతో చచ్చిపోయాను.

బయట బెంచీ మీద నాయన కూర్చుని ఉన్నాడు.

"నవ్వు ఆగేట్టు లేదు నాయనా. ఇంటికి పోదాం పద," అన్నాను.

"నీకు నవ్వొస్తాది. నాకు ఏడుపొస్తా ఉండె," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. సగం పేటకు ఆట నేర్పినవాడు, ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మిల్లులో షిఫ్టు కుదరదనేవాడు.

"యాడ షిఫ్టు. మ్యాచ్‌లో బంతి పట్టుకుంటే కండ్లల్లో నీళ్ళు తిరిగేవి. మొగోడు నలుగుర్లో ఏడిస్తే ఏం బాగుంటాది? అందుకే దూరంగా ఉండిపోయినా. నువ్వు దాపెట్టబాకు. ఆయమ్మ ఏసేటప్పుడు కదా నవ్వకూడదు? నీ వంతులో నవ్వుకో, ఎవురు వద్దంటారు?"

రెండో ఆటలో అదే చేశాను. నా వంతు రాగానే, బంతి వేసేవాళ్ళ కోసం నేలమీద గీసిన వలయంలో నిలబడి, మనసారా నవ్వి, నవ్వు అయిపోయాక బంతి వేశాను. వేళ్ళు ఠక్కున వదిలాయి. అంపైరు రూళ్ళ పుస్తకం తిరగేసి, ఏమీ దొరక్క మూసేశాడు. కాసేపటికి జనానికీ నవ్వు అంటుకుంది, తర్వాత టీచరమ్మకు. ఆమె బంతి వెళ్ళి పెద్దాయన కాళ్ళ దగ్గర పడింది. పదమూడు, ఎనిమిది. ఈసారి నాది.

మూడో ఆట పన్నెండు, పన్నెండు దగ్గరికి వచ్చింది. టీచరమ్మ బంతులన్నీ అయిపోయాయి. ఆమె బంతి ఒకటి చెక్కబంతికి జానెడు దూరంలో ఉంది. నా చేతిలో ఒక్కటే మిగిలింది. బంతి వేయడానికి ఒక్క నిమిషమే గడువు. నేను నవ్వడం మొదలుపెట్టాను. అంపైరు గడియారం చూస్తున్నాడు. నవ్వు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. "ఇంక పది సెకన్లుమ్మా," అన్నాడు. కళ్ళు తుడుచుకుని వేశాను.

బంతి పడి, దొర్లి, ఆగింది. అంపైరు మోకాళ్ళ మీద కూర్చుని టేపుతో కొలిచాడు. ఒకసారి చాలక రెండోసారి కొలిచాడు. లేచి, జట్టులో చోటు నాదేనని చెప్పాడు. టీచరమ్మ వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది.

ఆమె భుజం మీదుగా నాయన కోసం చూశాను. అందరి మధ్యా నిలబడి ఏడుస్తున్నాడు. పక్కవాళ్ళు చూస్తున్నారు. నాయన ముఖం తిప్పుకోలేదు.