జంగయ్య మేస్త్రీ దించమన్న గేర్‌బాక్సు

గేర్ ఆయిలు వాసన ఒకసారి ముక్కుకు పట్టిందంటే ఇక జన్మంతా గుర్తుంటుంది. మొన్న నానక్‌రామ్‌గూడలో మా మేనల్లుడి ఆఫీసుకు వెళ్ళి, నేలమాళిగలోని పార్కింగులో కారు దిగానో లేదో, ఆ ఘాటు తగిలింది. పక్కనే ఎవరిదో జీపు, పెద్ద పెద్ద టైర్లతో నిటారుగా నిలబడి ఉంది. దాని పొట్ట కింద సిమెంటు మీద అరచేయంత నల్లటి మరక. మోకాళ్ళు మొరాయిస్తున్నా వంగి చూశాను. గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్ళే షాఫ్టు నిచ్చెన వేసినంత ఏటవాలుగా ఉంది. "ఏం చూస్తున్నావు మావయ్యా?" అన్నాడు మావాడు. "ఎత్తు పెంచాడు, షాఫ్టు సంగతి చూసుకోలేదు," అన్నాను. వాడికి అర్థం కాలేదు. వాడి వయసులో నాకూ అర్థం కాలేదు. ఆ మాట నాకు నేర్పినవాడు జంగయ్య మేస్త్రీ.

డెబ్బైల మొదట్లో సంగతి. నేను తెనాలి వైపు నుంచి వచ్చి భూగర్భ జలాల శాఖలో జూనియర్ ఇంజనీరుగా చేరి రెండేళ్ళు. చదువు తాలూకు పొగరు ఇంకా దిగలేదు. అది కరువు కాలం, ఊళ్ళలో బావులన్నీ అడుగంటాయి. బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో చూసి గుర్తు పెట్టడం మా పని. మా జట్టుకు ఉన్నది ఒకటే జీపు. ఇప్పుడు అద్దాల మేడలున్న ఈ నేలంతా అప్పుడు బండలూ తుప్పలూ. ఏ ఊరికి వెళ్ళినా జీపు పొట్ట రాతికి తగిలేది. జంగయ్య కూకట్‌పల్లి దగ్గరున్న మా షెడ్డులో హెడ్ మెకానిక్. యాభై దాటిన మనిషి, పుట్టింది నానక్‌రామ్‌గూడలోనే. ఆయన అన్నదమ్ములు రాళ్ళు కొట్టేవాళ్ళు. ఈయన ఒక్కడే ఇనుము వైపు వచ్చాడు. వచ్చినా, తాపీ మేస్త్రీల దారపు గుండు మాత్రం ఎప్పుడూ జేబులోనే ఉండేది. బండి కింద ఏది వంకరగా ఉన్నా ఆ దారం వేలాడదీసి చూడాల్సిందే.

జీపు ఎత్తు పెంచాలన్న ఆలోచన నాది. చక్రాల మీద బండిని మోసే కమాన్లకు అదనపు పట్టీలు వేయిస్తే నాలుగంగుళాలు లేస్తుందని లెక్కగట్టి మంజూరు తెచ్చాను. జంగయ్య కాగితం చూసి, జీపు కిందికి వెళ్ళి, గుండు వేలాడదీసి, చాలాసేపటికి బయటికి వచ్చాడు.

"సారూ, కమాన్లు లేపితే బండి లేస్తది, దాంతోని గేర్‌బాక్సు లేస్తది. ఇరుసు కిందనే ఉంటది గద. నడుమ షాఫ్టు ఏం గావాలె? ఏటవాలైతే జాయింటు ఇరుగుతది."

"ఏం చేద్దామంటారు?"

"గేర్‌బాక్సును మోసే పట్టీ కాడ దిమ్మలు బెట్టి ఇంచంత దించుదాం. ఎనక కమాన్ కాడ ఏటవాలు చెక్క బెట్టి ఇరుసు మూతి జర పైకి తిప్పుదాం. రాయి తగిల్తే కాసేటట్టు కింద మందపు రేకు గట్టుదాం. గప్పుడు ఫికర్ ఉండది."

నాకు నవ్వొచ్చింది. "ఎత్తడానికి ఇంత తంటాలు పడి మళ్ళీ దించడమేమిటండీ?" అన్నాను. వద్దనడానికి అసలు కారణం వేరే ఉంది. మా ఆఫీసులో ఫైల్లో లేనిది బండిలో ఉండకూడదు. మంజూరు వచ్చింది కమాన్లకు మాత్రమే. గేర్‌బాక్సు మీద చేయి వేయాలంటే ఇంకో ఫైలు, ఇంకో రెండు నెలలు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. "అయితే వద్దని రాసియ్యుండ్రి సారూ," అన్నాడు. "కమాన్లు తప్ప మరేదీ ముట్టుకోవద్దు" అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆ సంతకం కింద పొడుగ్గా ఒక గీత కూడా గీశాను. అప్పట్లో అదొక సరదా.

జీపు లేచింది. మొదటి నెల నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఏ బండ మీంచైనా ఇట్టే దాటిపోయేవాళ్ళం. మా డ్రైవరు నర్సింహ, మూడేళ్ళుగా టెంపరరీగా ఉన్నవాడు, పర్మనెంటు ఆర్డరు కోసం కళ్ళలో ఒత్తులు వేసుకుని చూస్తున్నాడు. ఒకరోజు బాచుపల్లి నుంచి వస్తుంటే, "సారూ, కింద ఏందో ఝుమ్మంటుంది," అన్నాడు. కొత్త పట్టీలు సర్దుకుంటున్నాయిలే అన్నాను. జంగయ్య మాత్రం ప్రతి శనివారం జీపు కిందికి వెళ్ళి, గేర్‌బాక్సు వెనక, ఆయిలు కారకుండా ఆపే సీలు దగ్గర వేలు పెట్టి, ఆ నల్లటి వేలు నాకు చూపించేవాడు.  తగ్గిన ఆయిలు పోసి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేవాణ్ణి.

నానక్‌రామ్‌గూడ అవతల ఒక బండ దిగుతుండగా షాఫ్టు జాయింటు విరిగింది. షాఫ్టు గిర్రున తిరుగుతూ గేర్‌బాక్సును బాదింది. పెట్టె పగిలి ఆయిలంతా రాతి మీద పారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ బండను నిదానంగా దిగినవాడు నర్సింహ, దిగమన్నవాణ్ణి నేను.

పై ఇంజనీరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "డ్రైవరు అజాగ్రత్త అని రాసిచ్చేయండి. కొత్త ఉద్యోగం మీది. వాడికి ఇంకెక్కడైనా దొరుకుతుంది," అన్నారు.  బయటికి వస్తే వరండాలో నర్సింహ నిలబడి ఉన్నాడు. "మీరు చెప్పినట్టే నడిపిన గద సారూ," అన్నాడు. నేను తల ఊపి లోపలికి వెళ్ళి, నిజం చెప్పొద్దూ, ఆ రిపోర్టు రాశాను. అజాగ్రత్త అన్న మాట నా చేత్తోనే రాశాను. సంతకం ఒక్కటి మిగిలింది.

అప్పుడు జంగయ్య వచ్చాడు. టేబులు మీద నేనిచ్చిన పాత కాగితం పెట్టాడు, పొడుగు గీతతో సహా. నేను రాసిన రిపోర్టు అక్కడే ఉంది. చదివాడో లేదో తెలియదు.

"ఇది నేను జూపిస్తే నర్సింహ నౌకరీ ఉంటది, మీ ఇజ్జత్ పోతది. మీరే జూపిస్తే రెండూ ఉంటయి. రేపు పగటాళ్ళ దాకా మీ తాననే పెట్టుకోండ్రి. గప్పటికి కాకుంటే నాకు వాపస్ ఇయ్యాలె."

కాగితం చించేస్తే అడిగే దిక్కు లేదు. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తెలిసే నా చేతిలో పెట్టి వెళ్ళాడు. నాకు సిగ్గేసింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది, దాచుకోవడమెందుకు. మర్నాడు పొద్దున్నే రిపోర్టు మార్చి రాశాను. మెకానిక్కు చెప్పాడు, నేను వద్దన్నాను, డ్రైవరు తప్పు లేదు. పాత కాగితం దానికి జతచేశాను. పై ఇంజనీరు గారు నాతో చాలాకాలం ముభావంగా ఉన్నారు. నా సర్వీసు రిజిస్టరులో మందలింపు రాశారు. ఆ ఏడాది చివర్లో నర్సింహకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది.

జంగయ్య మెచ్చుకుంటాడని లోపల ఆశపడ్డాను. ఆ మాటే ఎత్తలేదు. కొత్త గేర్‌బాక్సు వచ్చిన రోజు నన్ను జీపు కిందికి పిలిచి, దారపు గుండు చేతికిచ్చి "కదలకుండ పట్టుకోండ్రి," అన్నాడు. ఈసారి ఫైల్లో దిమ్మలూ చెక్కలూ రేకూ అన్నీ ఉన్నాయి. గేర్‌బాక్సు ఒక అంగుళం దించాం, ఇరుసు మూతి తిప్పాం. రేకు బిగించాక ఒక్క మాటన్నాడు. "రేకున్నదని బండకు గుద్దకుండ్రి. అది అనుకోకుంట తగిల్తే కాసేటందుకు, కావాలని తగిలిచ్చేటందుకు గాదు." నాకు బదిలీ అయ్యేదాకా ఆ జీపు మళ్ళీ దారిలో ఆగలేదు.

ఆయన పోయిన కబురు నాకు వేరే జిల్లాలో, నెల దాటాక తెలిసింది. ఆ రోజు ఏ కాగితమూ చూడబుద్ధి కాలేదు. ఆయనకు ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పలేదే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పెద్ద హోదాకు వచ్చాక ఒక గుమాస్తా నా రిజిస్టరు తిరగేస్తూ, "ఈ పాత మందలింపు తీయించేద్దామా సార్, చిన్న అర్జీ పెడితే చాలు," అన్నాడు. వద్దన్నాను. నర్సింహ పేరు మీద అన్యాయంగా పడబోయిన వాక్యం అది. అలాగే ఉంచుకుని రిటైరయ్యాను.