లంబసింగి చలిలో మూడో పిలుపు

అనకాపల్లిలో చలి ఎక్కువ రోజులు ఉండదు. మార్గశిరంలో వస్తుంది, మాఘంలో వెళ్ళిపోతుంది. ఉన్న నాలుగు రోజులూ దాన్ని మర్యాదగా చూసుకోవాలని నా అభిప్రాయం. మా వీధిలో వాళ్ళు చలి వచ్చిందంటే చెవులకు మఫ్లర్లు చుట్టుకుని, తమ మీద ఎవరో కేసు పెట్టినట్టు ఇళ్ళలో దాక్కుంటారు. నేను మాత్రం బ్రష్షు కొట్టిన ఉన్ని కోటు వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, పొద్దున్నే కశింకోట రోడ్డు మీద నడుస్తాను. చెరుకు తోటల మీద మంచు ఉంటుంది. బెల్లం వండే పొయ్యిల పొగ పైకి పోలేక ఆ మంచులోనే తచ్చాడుతుంటుంది. ఆ వాసన పీల్చుకుంటూ నడిస్తే, మనిషికి ఆస్తి లేదన్న సంగతి ఒక అరగంట గుర్తుకు రాదు.

ఆస్తి గురించి ఒక్కసారే చెప్పేస్తాను, మళ్ళీ ఎత్తను. తాతగారి కాలంలో మాకు బెల్లం వ్యాపారం ఉండేది, మేడ ఉండేది. ఆయన చలికాలంలో పాడేరు వైపు వెళితే వెనక ఇంకో బండిలో వంటవాడూ గిన్నెలూ వెళ్ళేవట. నా కాలానికి ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు మిగిలాయి. మేడ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపులున్నాయి. వాటి వెనక వీధిలో రెండు గదుల్లో ఉంటున్నాం. రెండు గదులూ శుభ్రంగా ఉంటాయి.

ఇంకొకటి కూడా మిగిలింది. మూడు పిలుపుల పద్ధతి.

మా ఇంటి మగవాళ్ళను ఎవరైనా భోజనానికి పిలిస్తే, మొదటిసారి “ఇప్పుడే తిన్నాను” అంటారు. రెండోసారి పిలిస్తే “వద్దండి, పర్వాలేదు” అంటారు. మూడోసారి పిలిస్తే “మీరింతగా అంటున్నారు కాబట్టి” అని లేస్తారు. కడుపు మాడుతున్నా ఇంతే. తాతగారి రోజుల్లో ఈ సంగతి అందరికీ తెలుసు. దేవరాపల్లి నుంచి నక్కపల్లి దాకా మావాళ్ళు ఏ గడప తొక్కినా మూడో పిలుపు సిద్ధంగా ఉండేది. కొన్ని ఇళ్ళలో రెండో పిలుపు కాగానే విస్తరి వేసేసేవారట.

మా నాన్నగారి కాలానికి మేడతోపాటు పిలుపులూ తగ్గాయి. ఒక చలికాలం ఆయన నన్ను తీసుకుని దేవరాపల్లిలో బంధువుల ఇంటికి వెళ్ళారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బస్సు కిటికీకి అద్దం లేదు. నన్ను తన శాలువాలోకి లాక్కుని, ఆయన గాలికి ఎదురుగా నిటారుగా కూర్చున్నారు. నాకు ఆ చలి ఎంతో నచ్చింది, ఎందుకంటే శాలువా లోపల నేనున్నాను, బయట ఆయనున్నారు. బంధువుల ఇంట్లో వండుతున్న వంకాయ కూర వీధిలోకి వాసన వేస్తోంది.

“బోంచేసి ఎల్దురు గాని బావా” అన్నాడు ఆ ఇంటాయన.

“ఇప్పుడే తిన్నాం బావా” అన్నారు నాన్నగారు.

“సర్లే అయితే” అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

మేము ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అమ్మ మిగిలిన అన్నం ముందు పెట్టి పిలిచింది. నాన్నగారు తిన్నానన్నారు. మళ్ళీ పిలిచింది. పర్వాలేదన్నారు. మూడోసారి పిలిచాక వచ్చి కూర్చుని గిన్నె ఖాళీ చేశారు. సొంత ఇంట్లో అడుగు బొడుగు అన్నానికి మూడు పిలుపులు ఎందుకని నాకు తోచలేదు. అందరి ఇళ్ళలోనూ అంతే అనుకున్నాను.

పెళ్ళయ్యాక మా ఆవిడ ఆ పని అందుకుంది. టిఫినుతో కలిపి రోజుకు తొమ్మిది పిలుపులు, ముప్పై ఆరేళ్ళు. ఎప్పుడూ విసుక్కోలేదని చెప్పను. మూడో పిలుపులో గరిట చప్పుడు కూడా కలుస్తుండేది.

రెండేళ్ళ కిందట, చలి బాగా పట్టిన వారంలో, మా ఆవిడ తమ్ముడు కారు వేసుకుని వచ్చాడు. అతను కశింకోటలో వ్యవసాయం చేస్తాడు. చెరుకు నాటేశాక ఖాళీ దొరికితే నన్ను ఆటపట్టిస్తాడు.

“లంబసింగి ఎల్దాం బావా. మంచు సూద్దువు గాని. నీ కోటుకీ ఓ పని దొరుకుద్ది.”

“నా కోటు ఎప్పుడూ ఖాళీగా లేదు” అన్నాను.

“మరి వత్తావా, మూడుసార్లు పిలవాలా?”

“ప్రయాణాలకు ఆ నియమం లేదు. భోజనానికే.”

తెల్లవారుజామున బయలుదేరాం. నర్సీపట్నం దాటేసరికి తూర్పు తెల్లబడింది. ఘాటు రోడ్డు ఎక్కుతుంటే చలి మొదట ముక్కు చివర కూర్చుంది, తరవాత చెవుల్లోకి దూరింది, తరవాత అనుమతి అడగకుండా కోటులోకే వచ్చేసింది. పైకి చేరేసరికి మంచు తప్ప ఏమీ లేదు. పక్కనున్న మా ఆవిడ గొంతు వినిపిస్తోంది గాని మనిషి సగమే కనిపిస్తోంది. ఆ తెల్లదనంలో నిలబడి, నోట్లోంచి ఆవిరి వదులుతూ, నేను ఎనిమిదేళ్ళవాణ్ణి అయిపోయాను. అప్పుడే మా ఆవిడ అడిగింది.

“టిఫిను డబ్బా ఎవరు పట్టుకొచ్చేరు?”

నేను తెచ్చానని ఆమె, ఆమె తెచ్చిందని నేను అనుకున్నాం. ఇడ్లీల డబ్బా ఇంట్లో పొయ్యి పక్కనే ఉండిపోయింది. చుట్టూ దుకాణాల్లో వేడివేడిగా నూడుల్స్ చేస్తున్నారు. మావాళ్ళు రోడ్డు పక్కన నిలబడి తినరు. ఆ మాట నేను చెప్పక ముందే మా బావమరిది చెప్పేసి, కారు ఎక్కమన్నాడు.

చింతపల్లి రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఒక చిన్న ఊళ్ళో అతనికి తెలిసిన మనిషి ఉంది. ఏటా ఆమె దగ్గరే మిరియాలు కొంటాడు. యాభై ఏళ్ళ మనిషి, సన్నగా, చురుగ్గా ఉంది. ఇంటి వెనక సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉన్నాయి. మమ్మల్ని చూడగానే “సలి మింగెత్తంది, లోపలికి రండి” అని పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళింది. పొయ్యి మీద నాటుకోడి సూపు కాగుతోంది. మిరియాల ఘాటు, అల్లం వాసన, కట్టెల పొగ. నా కడుపులో ఒక చప్పుడైంది. దాన్ని కప్పడానికి దగ్గాను.

ఆమె గిన్నె పట్టుకుని మా బావమరిది వైపు తిరిగింది. ఆమె అడగడం పూర్తి కాకముందే “పొయ్యమ్మా, నిండా పొయ్యి” అన్నాడు. మా ఆవిడ “కొంచెం” అంది, గిన్నెడు పుచ్చుకుంది. తరవాత ఇంటావిడ నా వైపు తిరిగింది.

“మీకు పొయ్యనా బాబూ?”

“వద్దమ్మా, ఇప్పుడే తిన్నాను.”

ఆమె తల ఊపి, గరిటె కుండలో పెట్టేసింది.

నేను రెండో పిలుపు కోసం ఎదురుచూశాను. గుమ్మం దగ్గరికి జరిగి నిలబడి, వాసాలు చూశాను. ఆరబెట్టిన మిరియాలను మెచ్చుకున్నాను. కోటు పై గుండీ తీసి మళ్ళీ పెట్టాను. లోపల ఇద్దరూ ఊదుకుంటూ తాగుతున్నారు. మా బావమరిది ప్రతి గుక్కకీ ఒక చప్పుడు చేస్తున్నాడు. ఆ చప్పుడు నా కోసమే చేస్తున్నాడని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికి తెలుసు.

“మా బావ చలికి తట్టుకునే మనిషి” అన్నాడు ఆమెతో. “మంచు తాగి బతికేత్తాడు.”

మా ఆవిడ వైపు చూశాను. ఆమె రెండుసార్లు పిలిస్తే చాలు, లెక్క సరిపోతుంది. ఆమె నన్ను చూసింది, చేతుల్లో వేడి గిన్నెను చూసింది, తల వంచుకుని తాగింది. ఆ రోజు తాను చుట్టంగా వచ్చానని, చుట్టంగా వచ్చినవాళ్ళకు పని ఉండదని తరవాత చెప్పింది.

ఇక ఉండబట్టలేక ఇంటావిడను అడిగాను. “మీ ఊళ్ళో వచ్చినవాళ్ళను ఒక్కసారే అడుగుతారా అమ్మా?”

మా బావమరిదికి పొలమారింది.

ఆమె మాత్రం నవ్వలేదు. “తిన్నానన్నారు కదా బాబూ. పెద్దోరు ఓ మాట సెప్పినాక మళ్ళీ అడిగితే, మీ మాట అబద్దం అన్నట్టు కాదా? మా ఇంట్లో అలగ అడగం.”

నా మాటకు అంత విలువ ఇచ్చిన మనిషిని అంతకుముందు చూడలేదు. ఆమె నా మర్యాద కాపాడింది. ఆ మర్యాదతోనే నేను చలికి వణుకుతూ గుమ్మంలో నిలబడి ఉన్నాను. అడిగితే ఏం పోతుందిలే అని నేను అనుకోలేదు. ఏం పోతుందో నాకు బాగా తెలుసు. మేడ పోయినా, వ్యాపారం పోయినా, ఇంత కూడు పెట్టమని మా ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అడగలేదు. దేవరాపల్లిలో నాన్నగారు కూడా అడగలేదు. కాని ఆయన ఎదుట ఉన్న మనిషి మర్యాద తప్పాడు, నా ఎదుట ఉన్న మనిషి తప్పలేదు. అబద్ధం ఆడింది నేను.

“అమ్మా” అన్నాను. “నేను తినలేదు. ఉంటే నాకూ కొంచెం పొయ్యి.”

మా బావమరిది గిన్నె నోటి దగ్గరే ఆగిపోయింది. ఆమె కుండలోకి చూసింది.

“మీరొద్దన్నారని ఇది మా ఆయనకి ఉంచేసేను. కాఫీ పళ్ళు కొయ్యడానికి కొండ మీదకి ఎల్లేడు. ముక్కలు ఇంకా ఉన్నాయి, మళ్ళీ కాత్తాను. ఊరికే నిలబడ్డం దేనికి, కూకోని మిరియాలు దంచండి.”

ఆమె వేసింది జానెడు ఎత్తు పీట. దాని మీద కూడా నిటారుగానే కూర్చున్నాను. పొగ సరిగ్గా నా ముఖం ఎత్తులో తేలుతోంది. కళ్ళు మండాయి, ముక్కు కారింది.

“ఒంగోవాలి బాబూ. పొగ పైన ఉంటది, గాలి కింద ఉంటది.”

వంగాను. కింద నిజంగానే గాలి ఉంది.

దంచిన మిరియాలు, చితక్కొట్టిన అల్లం, రెండు ఉల్లిపాయలు, చిటికెడు పసుపు, ఎముకతో ఉన్న ముక్కలు, కుండ నిండా నీళ్ళు. అంతే. ఇప్పుడు చలి రోజుల్లో మా ఇంట్లో ఆ సూపు నేనే కాస్తాను. కుక్కర్లో పెడితే గబగబా అవుతుంది గాని రుచి రాదు. సన్న సెగ మీద, నీళ్ళు మూడో వంతు తగ్గేదాకా ఓపిక పట్టాలి. ఆ రోజు ఓపిక పట్టడం అంత తేలిక కాలేదు. ముప్పావుగంటలో ఆమె మూడుసార్లు మూత తీసి చూసింది, నేను మూడుసార్లూ వంగి చూశాను.

మొదటి గుక్క నాలుక కాల్చింది. రెండోది గొంతులో దిగుతూ దారి చూపించింది. మూడో గుక్కకు కోటు విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. గిన్నె ఖాళీ అయ్యాక ఆమె గరిటె ఎత్తింది.

“ఇంకొంచెం పొయ్యనా?”

“వద్దమ్మా, పర్వాలేదు” అంది నా నోరు.

ఆమె తల ఊపి కుండ మీద మూత పెట్టేసింది.

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా బావమరిది అది కూడా చెయ్యలేదు, గోడకు ఆనుకుని పడిపడి నవ్వాడు.

“అమ్మా, అది నా నోటి అలవాటు” అన్నాను. “దాని మాట వినకు. మూత తియ్యి.”

తీసింది. అప్పుడు ఆమె కూడా నవ్వింది. “ఏటి బాబూ ఇది, మీ మాట నమ్మాలో, గిన్ని నమ్మాలో తెలీకుండా ఉంది.”

“గిన్నెనే నమ్ము” అన్నాను. అది రెండుసార్లు నిండింది.

కిందకు దిగుతుంటే ఎండ వచ్చింది. నర్సీపట్నం దగ్గర పడ్డాక మా ఆవిడ అంది, “ఏవండీ, ఓ మాట అడుగుతాను. కొండ మీద ఆవిడెవరో ఒక్కసారి పిలిస్తే లేచి పీటేసుకున్నారు. నేనేటి పాపం చేసేను?”

“అక్కా, అడుగుతున్నావా, పోట్లాడుతున్నావా?” అన్నాడు ముందు సీట్లోంచి మా బావమరిది.

“నువ్వు రోడ్డు చూసి నడుపు. రేపట్నుంచి నేనూ ఒక్కసారే పిలుత్తాను. వస్తే వస్తారు, లేదంటే ఆకలితో కూర్చుంటారు.”

నేను కిటికీలోంచి చెరుకు తోటలు చూశాను. ఇలాంటి విషయాలు కారులో తేలేవి కావు.

మర్నాడు మధ్యాహ్నం నేను ముందు గదిలో పేపరు పట్టుకుని కూర్చున్నాను. పన్నెండున్నరకు వంటింట్లోంచి “భోజనానికి రండి” అని వినిపించింది. ఎప్పటి మాటే నాలుక మీదకు వచ్చింది. దాన్ని మింగేసి, పేపరు మడిచి, లోపలికి వెళ్ళి పీట మీద కూర్చున్నాను. ఆమె పొయ్యి వైపు తిరిగి ఉంది. రెండోసారి పిలవడానికి నోరు తెరుస్తూ ఇటు తిరిగింది. నన్ను చూసింది. ఆ పిలుపును ఏం చెయ్యాలో తెలియక, కంచంలో ఒక గరిటె అన్నం ఎక్కువ పెట్టింది.